కార్బ్యురేటర్ జెట్టులో రాగి తీగ

బెర్నౌలీ సిద్ధాంతం మనకందరికీ తెలిసినదే. ప్రవాహం వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. దీనికి ఉదాహరణలుగా సెంటు సీసా, విమానం రెక్క, వెంచురీ మీటరు చెప్తాం, పటం గీస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. కానీ ఆ సిద్ధాంతం మీద ఆధారపడి నడిచే వస్తువు మన కళాశాల సైకిల్ స్టాండులోనే వరసగా నిలబడి ఉంటుందని, దాని లెక్క తప్పితే మనిషి భుజం విరుగుతుందని నాకు 2025 జనవరిలో తెలిసింది. అదెట్లాగో ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాను.

మాది మానుకోట దగ్గర, ఆకేరు వాగు పక్క ఊరు. మహబూబాబాద్ అని రికార్డుల్లో రాస్తారుగానీ మా నోళ్లకు మానుకోటే. ఇంట్లో మా తాత కొన్న రాజ్‌దూత్ బండి ఒకటుంది. పోలండు దేశపు ఎస్.హెచ్.ఎల్. అనే మోటారు సైకిలు నమూనాతో ఎస్కార్ట్స్ కంపెనీవారు 1962 నుంచి తయారుచేసిన 175 సి.సి. బండి. టూ స్ట్రోకు ఇంజను. రేసులకని చేసిన బండి కాదు. అయినా గెట్ల మీద, బండ్లబాట మీద, వాగు ఇసుకలో మా మండలంలో దానంత నమ్మకంగా నడిచిన బండి మరొకటి లేదని మా బాపు అభిప్రాయం. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం యూరియా బస్తా, సాయంత్రం పచ్చిగడ్డి మోపు. ఫారిన్ పుస్తకాల్లో ఆఫ్ రోడ్ మోటారు సైకిలు అంటే పెద్ద గుండీల టైర్లు, ఎత్తయిన మడ్‌గార్డులు కనిపిస్తాయి. మనకు రోడ్డు లేని చోట నడిచే బండి అంటే ఇదే.

మొదట కార్బ్యురేటర్ పని చెప్తాను. ఇంజను గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి మధ్యలో సన్నబడిన గొట్టం గుండా పోతుంది. సన్నబడిన చోట వేగం హెచ్చి పీడనం తగ్గుతుంది. కింద ఫ్లోట్ గిన్నెలో ఉన్న పెట్రోలు మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది కనుక, ఆ తేడాకు పెట్రోలు పైకి ఎగసి గాలిలో తుంపరై కలుస్తుంది. అది ఎగసే దారిలో ఇత్తడి బిళ్ళకు పెట్టిన సన్నటి రంధ్రమే జెట్టు. బెర్నౌలీ గ్రంథం 1738 నాటిది. ఇటలీవాడు వెంచురీ 1797లో తన ప్రయోగాలు ప్రచురించాడు. జర్మనీలో మేబాక్ 1893లో తుంపర కార్బ్యురేటర్ చేశాడు. తర్వాత వచ్చినవన్నీ దాని పిల్లలే.

ఒక్క రంధ్రంతో పని జరగదు. యాక్సిలరేటరు తిప్పే కొద్దీ అధికారం ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోతుంది. తిప్పీ తిప్పనట్టు ఉన్నప్పుడు, అంటే ఎనిమిదో వంతు దాకా, పైలట్ జెట్టు, దాని పక్కనుండే స్క్రూ రాజ్యం చేస్తాయి. అక్కడినుంచి పావు దాకా స్లయిడు కింది అంచు కోత. పావు నుంచి ముప్పావు దాకా స్లయిడుకు వేలాడే నీడిలు. అది కోసుగా ఉంటుంది కాబట్టి పైకి లేచేకొద్దీ దారి వెడల్పవుతుంది. ముప్పావు దాటి పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే మెయిన్ జెట్టు అసలు యజమాని. ఈ సరిహద్దులు గోడలు కట్టినట్టు ఉండవు, ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అయినా ఏ జబ్బుకు ఏ మందో తెలియాలంటే ఇది బాగా గుర్తుంచుకోవాలి. పావు దగ్గర బండి కొట్టుకుంటుంటే మెయిన్ జెట్టు మార్చి లాభం లేదు. చాలా మంది చేసే పని మాత్రం అదే.

ఇక మైలేజీ సంగతి. 2024 మే నెలలో సెలవులకు ఇంటికి పోయాను. బండి లీటరుకు తక్కువ ఇస్తున్నదని బాపు నసిగాడు. పాల డబ్బుల్లో పెట్రోలు వాటా పెరిగిపోతున్నదని అమ్మ. మెయిన్ జెట్టులో సన్నటి రాగి తీగ పోగు దూర్చి కొసలు మడిచేస్తే పెట్రోలు తక్కువ తాగుతుందని మన ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు. మెకానిక్ వెనకాముందాడాడు. "టూ స్ట్రోకు బండి సార్, వద్దులే" అన్నాడు. పెట్టమన్నది నేను. రంధ్రం తగ్గితే ప్రవాహం తగ్గుతుందని ఆయనకు ఫిజిక్సు చెప్పింది కూడా నేనే. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

ఎండకాలమంతా బండి బ్రహ్మాండంగా నడిచింది. మోటారు మోగడం తేలికయిందని బాపు మెచ్చుకున్నాడు కూడా. సెప్టెంబరు 1న పెద్ద వరద వచ్చింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయిన వరద అది. మా ఆకేరు దిగిపోయేటప్పుడు మోకాలి లోతు ఇసుకను బాట మీద వదిలిపోయింది. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, చలిలో, తెల్లవారక ముందే బాపు రెండు క్యాన్ల పాలతో వాగు దాటి గడ్డ ఎక్కుతుండగా ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుంది. బండి పక్కకు పడింది. నలభై లీటర్ల పాలు ఇసుకలో కలిసినయి. బాపు కుడి మెడ ఎముక విరిగింది. మిరప ఏరే కాలం, ఇంటి పెద్ద చెయ్యి మెడకు కట్టుకుని నలభై రోజులు మంచాన కూర్చున్నాడు.

ఆస్పత్రిలో బాపు నన్ను అడిగిన ప్రశ్న ఇది: "ఎండలల్ల మొత్తం నడిచిన బండి చలికి ఎట్ల పట్టేసిందిరా?"

నాకు జవాబు తెలియదు. ఇంజను వేడెక్కి పట్టేయడం ఎండకాలంలో జరగాలిగదా! మెకానిక్ కూడా ఆశ్చర్యపోయాడు. ఆ ప్రశ్న పట్టుకుని నేను కళాశాలకు తిరిగి వచ్చాను.

బండి నుంచి విప్పిన జెట్టును, అందులో తీగను, రెంటినీ ల్యాబుకు తెచ్చాను. ట్రావెలింగ్ మైక్రోస్కోపు కింద రంధ్రం వ్యాసం దాదాపు ఒక మిల్లీమీటరు వచ్చింది. స్క్రూగేజీలో తీగ మందం 0.30 మిల్లీమీటరు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి తీగ ఆక్రమించింది 9 శాతమే. ఇంతేనా అనిపించింది. తర్వాత బ్యూరెట్ కొసకు రబ్బరు గొట్టంతో జెట్టును బిగించి, ఒకే గీత నుంచి ఒకే గీత వరకు నీళ్లు దిగే కాలాన్ని స్టాప్‌వాచితో పదేసి సార్లు చూశాను. తీగ ఉన్నప్పుడు ఎనిమిదో వంతు ఎక్కువ సమయం పట్టింది. అంటే ప్రవాహం 11 శాతం తగ్గింది. లెక్కకన్నా ఎక్కువ ఎందుకంటే తీగ చోటు ఆక్రమించడమే కాదు, దాని చుట్టూ ద్రవానికి రాపిడి కూడా పెరుగుతుంది. పెట్రోలు నీళ్లకన్నా పలచన కనుక అంకె కొద్దిగా మారవచ్చు. మార్పు దిశ మాత్రం ఇదే.

రెండోది గాలి. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, జనవరి తెల్లవారుజాము 14 డిగ్రీలు అనుకుందాం. కెల్విన్లలో 315, 287. పీడనం ఒకటే అయితే చల్లగాలి దాదాపు 10 శాతం చిక్కన. పెట్రోలు, గాలి రెంటినీ నడిపేది ఒకే పీడన భేదం. అందుచేత లోపలికి పోయే గాలి బరువు దాని సాంద్రత వర్గమూలాన్ని అనుసరిస్తుంది, పెట్రోలు సాంద్రత మారదు. కాబట్టి గాలి 10 శాతం చిక్కనైతే మిశ్రమం సుమారు 5 శాతం పలచనవుతుంది. ఎండకాలంలో పెట్రోలు పాలు హెచ్చు, చలికాలంలో తక్కువ. మనవాళ్ల నమ్మకానికి ఇది సరిగ్గా వ్యతిరేకం! ఇదే లెక్కన సముద్ర మట్టానికి మూడున్నర వేల మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి దాదాపు మూడో వంతు పలచన కనుక అక్కడ మిశ్రమం బాగా చిక్కబడి బండి పొగ కక్కుతుంది. అక్కడికి పోయేవాళ్లు చిన్న జెట్టు వేసుకోవడం న్యాయమే. గోదావరి వైపు పల్లంలో ఉన్న భూపాలపల్లికీ మెట్ట మీద ఉన్న జనగామకూ మధ్య ఎత్తు తేడా అంత పని చేయదు. మనకు ఎత్తుకన్నా ఋతువే ముఖ్యం.

మూడోది పెట్రోలు బంకులో మారింది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాలు కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం మిశ్రమం మొదలై 2025 నాటికి దేశమంతా పాకింది. దీని లెక్క మన కెమిస్ట్రీయే చెప్తుంది. 46 గ్రాముల ఇథనాలు పూర్తిగా కాలడానికి మూడు అణువుల ఆక్సిజన్, అంటే 96 గ్రాములు కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం చిల్లర. భాగిస్తే గ్రాము ఇథనాలుకు 9 గ్రాముల గాలి చాలు. పెట్రోలుకు 14.7 గ్రాములు కావాలి. రెంటినీ 20, 80 పాళ్లలో కలిపితే సుమారు 13.5. పాత జెట్టు ఆ సంగతి ఎరుగదు. అది మునుపటి కొలతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం 9 శాతం దాకా పలచనవుతుంది.

ఇప్పుడు మూడూ గుణించండి. 1.125, 1.05, 1.09. దాదాపు 1.29 వస్తుంది. పూర్తి బరువు మీద లాగేటప్పుడు ఇంజనుకు పన్నెండున్నర పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు, అంటే కొంచెం చిక్కని మిశ్రమం కావాలి. ఆ ఎక్కువ పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. మా బండికి ఆ తెల్లవారుజామున పాత లెక్కలో పదహారు పాళ్ల గాలితో సమానమైన మిశ్రమం అందింది. ఇంకొక ఘోరం ఉంది. రాజ్‌దూత్‌లో ఇంజను ఆయిలు విడిగా పోదు, పెట్రోలులోనే కలిపి పోస్తాం, మా ఇంట్లో లీటరుకు నలభై మిల్లీలీటర్లు. పెట్రోలు తగ్గించామంటే ఆయిలు కూడా తగ్గించామన్న మాట. ఫోర్ స్ట్రోకు బండిలో తీగ పెడితే పెట్రోలు ఒక్కటే తగ్గుతుంది. ఇందులో వేడి పెంచి, అదే చేత్తో నూనె తీసేశాను.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. అల్యూమినియం పిస్టను వేడికి పోత ఇనుప సిలిండరు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చలిలో సిలిండరు ఇంకా వేడెక్కక ముందే గడ్డ ఎక్కించడానికి పూర్తిగా తిప్పితే ఒక్క ఆ కారణం చేతనే పట్టేయవచ్చు. బాపు ఆ రోజు పాల టైముకు ఆలస్యమై బండిని వేడి చేయకుండా వెళ్లాడు. ఏ కారణం వాటా ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు. కానీ తీగ లేకుండా ఆ బండి ఇట్లాంటి చలికాలాలు ముప్పై దాకా చూసింది.

మైలేజీ సంగతి అడుగుతారేమో. బాపు పాల పద్దు పుస్తకంలోనే పెట్రోలు పద్దు కూడా రాస్తాడు. తీగకు ముందు నాలుగు నెలలు, తర్వాత ఎనిమిది నెలలు కూడి చూశాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉండదు కూడా. బాపు రోజంతా సగం తిప్పి నడుపుతాడు, అక్కడ కొలిచేది నీడిలు. మెయిన్ జెట్టు పూర్తిగా పనిలోకి వచ్చేది ఇసుకలో, గడ్డ మీద, బరువుతో. అంటే ఆ తీగ పొదుపు చేసింది తక్కువ, ప్రమాదానికి మాత్రం సరిగ్గా ఆ చోటే కాచుకుని కూర్చుంది.

మార్చిలో వరంగల్‌లో సిలిండరుకు బోరు కొట్టించి, సైజు పెద్ద పిస్టను వేయించాం. జెట్టు సరిచేసే పని నేనే చేస్తానన్నాను. బాపు ఏమీ అనలేదు. మెకానిక్ పక్కన నిలబడ్డాడు.

పద్ధతి ఇది. ముందు జెట్ల జోలికి పోకూడదు. ఎయిర్ ఫిల్టరు శుభ్రం, ఫ్లోట్ ఎత్తు, కార్బ్యురేటర్‌కూ ఇంజనుకూ మధ్య గాలి లీకు, ప్లగ్గు, ఇవి సరిగా ఉన్నాయో లేదో చూడాలి. గాలి లీకుండగా జెట్టు మార్చడం ఓటి కుండకు మూత వెతికినట్టే. భూపాలపల్లిలో మా మేనమామ బండి పొగ కక్కుతున్నదని జెట్టు తగ్గించమన్నారట. బొగ్గు లారీలు తిరిగే బాట అది, ఫిల్టరు విప్పితే దోసెడు నల్ల దుమ్ము రాలింది. గాలికి దారి మూసుకుపోతే మిశ్రమం చిక్కబడుతుంది, జెట్టు తప్పేం లేదు. దీనికి సరిగ్గా ఎదురు మా జనగామ మిత్రుడు. వాడి ఆర్.ఎక్స్. 100కు చప్పుడు కోసం ఫిల్టరు తీసేసి, సైలెన్సరు లోపలి గొట్టం పీకేశాడు. గాలి దారి తెరుచుకున్నది, జెట్టు పాతదే. వాడి ప్లగ్గు సున్నంలా తెల్లగా ఉంది. నేను చెప్పినంత చెప్పాను. వాడికి చప్పుడు ముద్దు.

తర్వాత పిడి మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టాను. ఇది చిన్న పనేగానీ ఇది లేకపోతే మిగతాదంతా ఊహే. ఇంజను బాగా వేడయ్యాక నిలబెట్టి స్క్రూ తిప్పి, మోత ఎక్కడ ఎక్కువగా నిలకడగా ఉందో అక్కడ ఆపాను. ఇక్కడ ఒక జాగ్రత్త. స్క్రూ ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ, బిగిస్తే చిక్కబడుతుంది. ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, వదులు చేస్తే చిక్కబడుతుంది. ఇది తెలియక ఎందరో తలకిందులుగా తిప్పుతారు.

మెయిన్ జెట్టుకు షాపులో వరసగా మూడు సైజులు తెచ్చాను. నియమం ఏమిటంటే పెద్దదానితో మొదలుపెట్టి కిందికి రావాలి. పెద్దదైతే బండి లాగదు, పొగ పోస్తుంది, అంతకన్నా నష్టం లేదు. చిన్నదానితో మొదలుపెడితే ఇంజనే పోవచ్చు. మా పునాస చెలక పక్కన కిలోమీటరు తిన్నని బాట ఉంది, మనుషులు తిరగని సమయం చూసుకున్నాం. అన్నిటికన్నా పెద్ద జెట్టుకు పూర్తిగా తిప్పితే బండి డుబుడుబుమని తడిసిన డప్పులా మోగింది, టూ స్ట్రోకు చిక్కనైతే ఇదే గుర్తు. రెండోదానికి మోత తేరుకుని చివరిదాకా లాగింది. మూడోది వేస్తే మొదట హుషారుగా ఉండి ఆఖరున నీరసపడింది. చోకు కొద్దిగా లాగితే మళ్లీ లాగసాగింది. చోకు లాగితే బాగుపడిందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. వెంటనే ఆపి రెండోదే వేశాను.

ప్లగ్గు చూడడానికి పూర్తిగా తిప్పి కొంత దూరం పోయి, క్లచ్చి పట్టి ఇగ్నిషను ఆపేసి, బండిని దానంతటదే ఆగనివ్వాలి. మామూలుగా ఇంటికి వచ్చి విప్పితే ఇంటి ముందు నిలబడ్డప్పటి రంగు కనిపిస్తుంది, వాగు గడ్డ మీది రంగు కాదు. తెలుపు పలచన, మసి నలుపు చిక్కన, బెల్లం రంగు సరి. అయితే ఈ రంగుల పాఠం సీసం కలిపిన పెట్రోలు నాటిది. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో సీసం లేని పెట్రోలే. ఇప్పటి ఇథనాలు పెట్రోలులో రంగు ఇంకా నెమ్మదిగా, లేతగా వస్తుంది. కాబట్టి రంగు ఒక్కటే సాక్ష్యం కాకూడదు, చెవి కూడా కావాలి.

సగం దగ్గర ఇంకా కొంచెం పలచనగా తోచింది. నీడిలు క్లిప్పు ఒక గాడి కిందికి మార్చాను. క్లిప్పు కిందికి దిగితే నీడిలు పైకి లేస్తుంది, మిశ్రమం చిక్కబడుతుంది. మొదటిసారి నేనే తిరకాసు పడి పైకి మార్చి, మెకానిక్ నవ్వేసరికి దిద్దుకున్నాను.

జెట్టు మూసుకుంటే సూదితోనో తీగతోనో పొడవకండి. ఇత్తడి మెత్తన. ఒక మిల్లీమీటరు రంధ్రం 1.05 అయితే చూపుకు తేడా తెలియదు, పెట్రోలు మాత్రం 10 శాతం ఎక్కువ పోతుంది. గాలితో ఊదడం, లేదా చేపల గాలానికి కట్టే నైలాను దారం చాలు. వానాకాలంలో ఇథనాలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి చాలా రోజులు నిలిపే బండికి ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టడం మంచిది. మన స్ప్రేయరు ఇంజన్లకు కూడా ఇది వర్తిస్తుంది. పత్తి మందు కొట్టడం అయిపోగానే పెట్రోలుతో సహా మూలన పడేస్తాం, మరుసటి ఏడు అది స్టార్టు కాదు.

2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య నియమాలు వచ్చి కొత్త మోటారు సైకిళ్లు ఇంజెక్షను పద్ధతికి మారాయి. గాలి చల్లదనాన్ని, పీడనాన్ని సెన్సర్లు కొలిచి కంప్యూటరే పెట్రోలు పాళ్లు నిర్ణయిస్తుంది. నేను పది రోజులు ల్యాబులో, నాలుగు ఆదివారాలు చెలకలో చేసిన లెక్క అది సెకనుకు ఎన్నో సార్లు చేస్తుంది. కానీ మన జిల్లాల పొలం బాటల మీద కార్బ్యురేటర్ బండ్లు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. వాటిలో ఎన్నింటి జెట్లలో తీగలున్నాయో విప్పి చూస్తేనే తెలుస్తుంది.

బాపు మళ్లీ ఏప్రిల్ నుంచి పాలు తీసుకుపోతున్నాడు. గడ్డ ఎక్కేటప్పుడు ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్చి మీదే ఉంటున్నాయి, ఇంతకు ముందు ఆ అలవాటు లేదు. చలికాలానికి క్లిప్పు ఇంకో గాడి దించుదామా అని అడిగాను. "ముందు ఆ తీగ ఏడ పెట్టినవో చెప్పు" అన్నాడు. ల్యాబు రికార్డు వెనక అట్టకు టేపుతో అంటించి ఉందని చెప్పాను. అయితే సరే, దించు అన్నాడు.